మూడో ఏడాది తెలుగు ఎవరు చెప్పాలి?

అమెరికా విశ్వవిద్యాలయాల్లో తెలుగు నేర్చుకునే విద్యార్థికి సాధారణంగా రెండేళ్లపాటు తరగతి దొరుకుతుంది. మొదటి ఏడాది అక్షరాలు, చిన్న వాక్యాలు, సంభాషణ. రెండో ఏడాది కథలు, పత్రికల్లో వార్తలు, కాస్త వ్యాకరణం. ఆ పైన చాలాచోట్ల తరగతి ఉండదు. చదవాలనుకునేవాళ్లు ఉంటారు గానీ ఒకే ఊళ్లో, ఒకే సెమిస్టర్‌లో, ఒకే స్థాయిలో ఎనిమిది పదిమంది కలిసిరారు. అలా మిగిలిన ఒకరిద్దరి కోసం శాఖలో ఉన్న ఒకే ఒక్క తెలుగు అధ్యాపకుడో అధ్యాపకురాలో వారానికి ఒకటి రెండు గంటలు కేటాయించి, విడిగా చదివించి, దానికి క్రెడిట్లు వచ్చేలా చూస్తారు. ఈ ఏర్పాటునే ఇండిపెండెంట్ స్టడీ అంటారు. కొన్నిచోట్ల డైరెక్టెడ్ స్టడీ అనీ, రీడింగ్ కోర్సు అనీ కూడా పిలుస్తారు.

బయటినుంచి చూస్తే ఇది ఆఫీసు వ్యవహారం. ఒక ఫారం, రెండు సంతకాలు, ఒక కోర్సు నంబరు. కానీ విదేశాల్లో తెలుగు పై స్థాయి చదువు చాలావరకు ఈ ఫారం మీదే నిలబడి ఉంది. తెలుగు గురించి రేపు పుస్తకాలు రాయబోయేవాళ్లు, మన కావ్యాలను అనువదించబోయేవాళ్లు ఈ దారినే రావాలి. కాబట్టి ఇది ఎలా నడుస్తోందో, ఎక్కడ చతికిలపడుతోందో, మన రాష్ట్రాల్లోని తెలుగు శాఖలకు ఇందులో ఏం పనికొస్తుందో తెలుగువాళ్లు పట్టించుకోవాల్సిన విషయమే.

ముందు గంటల లెక్క చూద్దాం. అమెరికా విదేశాంగ శాఖ తన సిబ్బందికి భాషలు నేర్పడానికి ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్‌ను నడుపుతోంది. ఆ సంస్థ తెలుగును కష్టమైన భాషల వర్గంలో చేర్చింది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు ఉద్యోగానికి పనికొచ్చే స్థాయికి రావాలంటే 44 వారాలు, సుమారు 1,100 గంటల తరగతి కావాలని దాని అంచనా. విశ్వవిద్యాలయంలో వారానికి ఐదు గంటలు, ఏడాదికి 30 వారాల చొప్పున రెండేళ్లు చదివితే వచ్చేది 300 గంటలు. ఇంకా 800 గంటల లోటు. విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో జరుగుతూ వచ్చిన దక్షిణాసియా భాషల వేసవి శిబిరం, హైదరాబాద్‌లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ నడిపే తెలుగు కార్యక్రమం ఇందులో కొంత పూరిస్తాయి. హైదరాబాద్‌లో ఏడాది గడిపిన విద్యార్థి ధారాళంగా మాట్లాడుతూ తిరిగొస్తాడు. తిరిగొచ్చాక ఆ తెలుగు నిలవాలంటే, పెరగాలంటే మళ్లీ ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి.

ఈ పరిస్థితి నిన్న మొన్న వచ్చింది కాదు. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను పంపాక అమెరికా ఉలిక్కిపడింది. 1958లో నేషనల్ డిఫెన్స్ ఎడ్యుకేషన్ యాక్ట్ చేసి, దాని ఆరో అధ్యాయం కింద తమ దేశంలో అంతగా బోధించని భాషలకు డబ్బిచ్చింది. టైటిల్ సిక్స్ అని ఇప్పటికీ పిలిచే ఆ నిధులతోనే ఎన్నో విశ్వవిద్యాలయాల్లో మన భాషలు నిలదొక్కుకున్నాయి. 1962 నుంచి పి.ఎల్. 480 ఒప్పందం కింద, మనం గోధుమలకు కట్టిన రూపాయలతో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా గ్రంథాలయాలకు పంపడం మొదలుపెట్టింది. దాంతో షికాగో, మాడిసన్ లాంటి చోట్ల తెలుగు పుస్తకాలు అరలనిండా చేరాయి. పుస్తకాలు అలా వచ్చిపడ్డాయి గానీ, వాటిని చదివించే గురువులు మాత్రం ఒక్కొక్క చోట ఒక్కరే.

ఆ ఒక్కరు ఏం చేయగలరో విస్కాన్సిన్ చూపించింది. వెల్చేరు నారాయణరావు 1971లో అక్కడికి వెళ్లి నాలుగు దశాబ్దాలకు దగ్గరగా తెలుగు చెప్పారు. జీన్ రోఘేర్ అక్కడ పిహెచ్‌డి చేసి, ఆలిసెట్టి గాలెయ్య పాడిన పల్నాటి వీరుల కథ మీద 1982లో పుస్తకం తెచ్చారు. ఫిలిప్ వాగొనర్ అక్కడే చదివి, రాయవాచకాన్ని అనువదించి 1993లో ప్రచురించారు. సింథియా టాల్బట్ కూడా అక్కడి విద్యార్థే. కాకతీయుల కాలపు శాసనాల ఆధారంగా 2001లో ఆమె రాసిన పుస్తకం మధ్యయుగ ఆంధ్రదేశ చరిత్ర చదివే ఎవరైనా దాటిపోలేనిది. ఈ మూడు పుస్తకాలకూ కావలసిన తెలుగు మూడు రకాలు: మౌఖిక గాథ, నాయకరాజుల కాలపు వచనం, శాసన భాష. రెండో ఏడాది తరగతి గదిలో ఈ మూడింటిలో ఒక్కటి కూడా రాదు.

మూడో ఏడాదికి చేరే విద్యార్థులను ఒక్కచోట కూర్చోబెడితే ఎందుకు కుదరదో ఇక్కడే తెలుస్తుంది. తెలుగిళ్లలో పుట్టి పెరిగినవాళ్లు ఒక రకం. అమ్మమ్మతో ఫోనులో గలగలా మాట్లాడతారు, సినిమా డైలాగు చెవిన పడగానే నవ్వుతారు. చదవమంటే మాత్రం ఒత్తులూ గుణింతాలూ కూడబలుక్కుంటారు, సంపాదకీయం రెండో వాక్యంలోనే ఆగిపోతారు. అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2010 నుంచి 2017 లోపు 86 శాతం పెరిగి నాలుగు లక్షలు దాటింది. ఆ ఇళ్ల పిల్లలు ఇప్పుడు కాలేజీలకు వస్తున్నారు. వీళ్లను మొదటి ఏడాదిలో కూర్చోబెడితే ‘ఇది పుస్తకం, అది బల్ల’ దగ్గర విసుగెత్తిపోతారు, మూడో ఏడాదిలో కూర్చోబెడితే చదవలేరు. చరిత్ర పరిశోధకుల సంగతి దీనికి తలకిందులు. శాసనంలో దానమిచ్చిన భూమి కొలత చూసి ఆ ఊరి స్థితిగతులు చెప్పగలరు, కాఫీ మాత్రం తెలుగులో అడగలేరు. కూచిపూడి నాట్యమో కర్ణాటక సంగీతమో చేసేవాళ్లకు భామాకలాపం, క్షేత్రయ్య పదాలు, త్యాగరాజు కృతులు కావాలి. వాళ్లకు వ్యాకరణం కన్నా ముందు పాటలో మాట ఎక్కడ విరుగుతుందో తెలియాలి.

తెలంగాణ పల్లెల్లో క్షేత్రపని చేయబోయే మానవశాస్త్ర విద్యార్థి ఇబ్బంది ఇంకొకటి. పాఠ్యపుస్తకాలన్నీ కోస్తా జిల్లాల చదువుకున్నవాళ్ల భాష పునాదిగా తయారైనవి. 1985లో వచ్చిన భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్‌ల ఆధునిక తెలుగు వ్యాకరణం గొప్ప పుస్తకం, ఈనాటికీ దానికి సాటి వచ్చింది లేదు. కానీ అది వర్ణించింది ఆ ప్రామాణిక భాషనే. దాన్ని ఔపోసన పట్టిన విద్యార్థి జనగామ దగ్గర ఊళ్లో దిగి ‘గాయన రేపొస్తడట, గప్పుడు రాండ్రి’ అని వింటే తెల్లమొహం వేస్తాడు. అతనికి కావలసింది రికార్డింగులు, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ లాంటి నవల, పక్కన కూర్చుని చెప్పే తెలంగాణ మనిషి. ఏ సిలబసూ నలుగురికీ సరిపోదు. నలుగురికీ నాలుగు కోర్సులు పెట్టే స్తోమత ఏ శాఖకూ లేదు. ఇండిపెండెంట్ స్టడీ ఈ సందులోంచే పుట్టింది.

ఇక నడిపే పద్ధతి. అమెరికాలో ఒక్క క్రెడిట్ అంటే వారానికి తరగతిలో ఒక గంట, తరగతి బయట కనీసం రెండు గంటలు, అలా సుమారు 15 వారాలు. మూడు క్రెడిట్ల కోర్సుకి 135 గంటల చదువు ఉండాలన్నమాట. బర్క్‌లీ లాంటి చోట డిగ్రీ విద్యార్థులు ఈ రకం క్రెడిట్లు సెమిస్టర్‌కి నాలుగుకు మించి తీసుకోకూడదు, గ్రేడు బదులు పాసో కాదో మాత్రమే వేస్తారు. నిబంధనలు ఎక్కడికక్కడ మారతాయి గానీ అసలు చిక్కు ఈ 135 గంటల దగ్గరే ఉంది. గురువు వారానికి ఒక గంట ఇస్తే సెమిస్టర్‌కి 15 గంటలు. మిగిలిన 120 గంటలు విద్యార్థి ఒంటరిగా పుస్తకంతో గడపాలి. అందుకే కోర్సు ప్రణాళిక రాయాల్సింది ఆ 120 గంటలకి. గురువుతో కూర్చునే గంటలో ఏం జరగాలో అందరూ రాస్తారు. ఇంట్లో కూర్చునే ఎనిమిది గంటల్లో ఏం జరగాలో రాసినవాళ్లు తక్కువ, కోర్సు కుప్పకూలేది అక్కడే.

ప్రణాళిక సెమిస్టర్ మొదలవకముందే సిద్ధం కావాలి. మొదట విద్యార్థిని ఒక అరగంట పరీక్షించాలి. తెలియని పేజీ ఒకటి ఇచ్చి బయటికి చదివించాలి, ఇంగ్లీషులోకి నోటితో చెప్పించాలి, పది నిమిషాలు తెలుగులో మాట్లాడించి రికార్డు చేయాలి. సెమిస్టర్ చివర ఇదే పరీక్ష మళ్లీ పెడితే ఎంత పెరిగాడో ఇద్దరికీ కనిపిస్తుంది, వాదనలు ఉండవు. ఆ తర్వాత లక్ష్యం. ‘తెలుగు సాహిత్యంతో పరిచయం’ అని రాయడం వృథా. ‘డిసెంబరు నాటికి నిఘంటువు సాయంతో వారానికి పదిహేను పేజీల వచనం చదవగలగాలి’ అని రాస్తే అది లక్ష్యం. పుస్తకాలు తేలిక నుంచి కష్టానికి వరసగా ఉండాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే విద్యార్థికి పాత చందమామలతో మొదలుపెట్టి కొడవటిగంటి కుటుంబరావు కథల మీదుగా సంపాదకీయాలకు తీసుకుపోవచ్చు. శాసనాలు కావాలనేవాళ్లకు ముందుగా 1949లో వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ చదివిస్తే చరిత్ర పరిభాష పట్టుబడుతుంది, ఆ తర్వాత శాసనం కొరకరాని కొయ్యలా ఉండదు. నాట్యం వైపు వచ్చేవాళ్లకు నంది తిమ్మన పారిజాతాపహరణం మంచి ఎంపిక. హర్షిత కామత్, వెల్చేరు నారాయణరావులు చేసిన అనువాదం 2022లో మూర్తి క్లాసికల్ లైబ్రరీలో ఒకవైపు తెలుగు లిపి, ఎదురుగా ఇంగ్లీషు వచ్చేలా అచ్చయింది.

వారం వారం ఏదో ఒకటి రాతలో చేతికి రావాలి. కొత్త మాటల పట్టిక, ఒక పేజీ అనువాదం, తెలుగులో ఐదు వాక్యాల సారాంశం, ఏదైనా సరే. ఎన్ని వారాలు కలవకపోతే కోర్సు రద్దవుతుందో కూడా ముందే రాసుకోవాలి. ఇద్దరే ఉన్నచోట మొహమాటం పెద్ద శత్రువు. ‘ఈ వారం పేపరు ఉంది మేడమ్, వచ్చే వారం వస్తాను’ అని విద్యార్థి అంటాడు, ఆవిడ సరే అంటారు. అలా నాలుగు వారాలు జారిపోయాక నవంబరులో ఇద్దరికీ గుండె గుభేలుమంటుంది. చివరికి సగం పని మీద పూర్తి గ్రేడు పడుతుంది. ఈ జారుడే ఎక్కువ కోర్సులను దెబ్బ తీస్తుందని నేను నమ్ముతాను.

రెండో జబ్బు ఇంకా లోతైనది. భాష కోర్సుగా మొదలైనది రెండు నెలల్లో ఇంగ్లీషు సెమినార్‌గా మారిపోతుంది. మూలం కష్టమనిపించగానే విద్యార్థి అనువాదం తెరుస్తాడు. చర్చ ఇంగ్లీషులోకి జారుతుంది. చివర పన్నెండు పేజీల ఇంగ్లీషు వ్యాసం వస్తుంది, అది మంచి వ్యాసమే కావచ్చు, తెలుగు మాత్రం సెప్టెంబరులో ఎక్కడుందో అక్కడే ఉంటుంది. దీనికి మందు ఒక్కటే. చివరి పని తెలుగు మూలానికి అంటిపెట్టుకుని ఉండాలి: వివరణలతో కూడిన అనువాదం, పదకోశం, లేదా తెలుగులోనే ఒక చిన్న వ్యాసం. దాన్ని ఇంకో విశ్వవిద్యాలయపు తెలుగు అధ్యాపకుడు చదివి అభిప్రాయం చెప్తే గ్రేడుకి విలువ ఉంటుంది.

ఇప్పుడు అన్నిటికన్నా నొప్పి కలిగించే విషయం. అమెరికా శాఖల్లో తెలుగు చెప్పేవాళ్లు చాలామంది శాశ్వత ఉద్యోగులు కారు. ఏడాదికో మూడేళ్లకో ఒప్పందం మీద పనిచేసే లెక్చరర్లు. వాళ్లకు నిర్ణయించిన కోర్సులు చెప్పాక, ఇండిపెండెంట్ స్టడీ ఆ పైన పడే పని. చాలాచోట్ల దానికి జీతం లేదు, పనిభారంలో లెక్క లేదు. ఇలాంటివి కొన్ని పోగైతే ఒక కోర్సు తగ్గించే మంచి పద్ధతి కొన్ని శాఖల్లో ఉంది, అది అంతటా రావాలి. విద్యార్థికి కాదనలేక, భాష మీద ప్రేమ కొద్దీ వాళ్లు ఒప్పుకుంటారు. ఒక విద్యార్థి ముగ్గురవుతారు, సెమిస్టర్‌కి 15 గంటలు 45 అవుతాయి, వాటికి తయారయ్యే గంటలు వేరు. విశ్వవిద్యాలయం పుస్తకాల్లో మాత్రం తెలుగు మూడో ఏడాది ‘అందుబాటులో ఉంది’ అని కనిపిస్తుంది. ఇది అన్యాయం. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చాక తన బంగళాలో పండితులను నియమించుకుని, సొంత డబ్బుతో జీతాలిచ్చి చదువుకున్నాడు, పని చేయించాడు. విడిగా కూర్చుని చెప్పే గురువుకి ఆ మాత్రం గౌరవం రెండు వందల ఏళ్ల కిందటే ఉంది.

ఉచితంగా చేయించుకునే పనికి ఇంకో చెడు కూడా ఉంది. అది ఎవరికి దొరుకుతుందన్నది అదృష్టం మీద ఆధారపడుతుంది. గురువుతో చనువున్న విద్యార్థి, చొరవగా తలుపు తట్టగలిగినవాడు అడుగుతాడు. కుటుంబంలో మొదటిసారి కాలేజీకి వచ్చిన పిల్లకి ఇలాంటి కోర్సు ఒకటుందని కూడా తెలియదు. శాఖ దీన్ని బాహాటంగా ప్రకటించి, దరఖాస్తు గడువు పెట్టి, ఎంపిక పద్ధతి చెప్పాలి.

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. కొలంబియా, కార్నెల్, యేల్ విశ్వవిద్యాలయాలు 2012 నుంచి వీడియో ద్వారా తక్కువమంది చదివే భాషల తరగతులు పంచుకుంటున్నాయి. ఒకచోట గురువు, మూడు చోట్ల విద్యార్థులు. తెలుగు మూడో ఏడాదికి ఇది చక్కగా అమరే పద్ధతి. యేల్‌లో క్రెడిట్ లేకుండా, మాతృభాషగా మాట్లాడేవారిని భాగస్వామిగా ఇచ్చి, చివర బయటి పరీక్షకుడితో మదింపు చేయించే కార్యక్రమం ఉంది. శిక్షణ పొందిన ట్యూటరు, బయటి పరీక్షకుడు అన్న నమూనాను స్వయంబోధన భాషా కార్యక్రమాల సంఘం 1970ల నుంచీ ప్రచారం చేస్తూ వచ్చింది. మాట్లాడటం నేర్చుకోవడానికి ఇవన్నీ బాగానే ఉంటాయి. ప్రబంధంలో ఒక సీసపద్యం అన్వయం చెప్పాల్సి వచ్చినప్పుడు మాతృభాష అయినంత మాత్రాన చాలదు, చదువుకున్న గురువు కావాలి. ఒంటరి గంటలకు మాత్రం ఇప్పుడు ఆసరా పెరిగింది. బ్రౌన్, గ్విన్ నిఘంటువులు రెండూ షికాగో విశ్వవిద్యాలయపు డిజిటల్ నిఘంటువుల్లో ఉచితంగా వెతుక్కోవచ్చు.

మన దగ్గర సమస్య మరో రూపంలో ఉంది. ఆంధ్ర, ఉస్మానియా, హైదరాబాద్ విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో విద్యార్థులకు కొదవ లేదు, భాష కొత్త కాదు. కొదవ ఉన్నది ఎంపికకి. ఎం.ఏ. విద్యార్థికి తాళపత్రాలు చదవడం మీదో, ఒక మాండలికం మీదో, అనువాదం మీదో ఆసక్తి ఉంటే, నిర్ణయించిన పేపర్లలో దానికి చోటు దొరకడం కష్టం. పరిశోధనకు ముందు చేయి తిరిగే అవకాశం ఎం.ఫిల్. ఇచ్చేది, యు.జి.సి. 2022లో దాన్ని ఎత్తేసింది. అదే సమయంలో నాలుగేళ్ల డిగ్రీ వచ్చింది, అందులో పరిశోధనతో ఆనర్స్ చేసేవారికి 12 క్రెడిట్ల సిద్ధాంతవ్యాసం ఉంది. 2023 నాటి జాతీయ క్రెడిట్ విధానం ఒక్క క్రెడిట్‌కి 30 గంటల అభ్యాసం అని లెక్కగట్టింది, ఆ గంటలు తరగతి గదిలోనే గడవాలన్న షరతు లేదు. అంటే ఎం.ఏ.లో నాలుగు క్రెడిట్ల స్వతంత్ర అధ్యయనం పెట్టడానికి చట్రం సిద్ధంగా ఉంది. 120 గంటలు, ఒక గురువు, ఒక మూలగ్రంథం. తంజావూరు సరస్వతీ మహల్‌లో నాయకరాజుల కాలపు యక్షగానాలు తాళపత్రాల్లో ఉన్నాయి. మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు విద్యార్థి ఒక సెమిస్టర్ అక్కడ కూర్చుంటే అతనికి వచ్చే చదువు ఏ పేపరూ ఇవ్వలేదు. కాశీ, ఢిల్లీ, అలీగఢ్‌లలో తెలుగు చెప్పేవారికి ఇది మరీ అవసరం. అక్కడ విద్యార్థుల సంఖ్య అమెరికా పరిస్థితినే గుర్తు చేస్తుంది.

ఇక్కడ కూడా గురువు గంటల ప్రశ్న తప్పదు. యు.జి.సి. 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, ప్రొఫెసర్ 14 గంటలు నేరుగా బోధించాలి. స్వతంత్ర అధ్యయనంలో కూర్చునే గంట ఆ 16లో కలవాలి. కలవకపోతే, ఖాళీలు భర్తీ కాని శాఖల్లో ఒకరిద్దరు అధ్యాపకులు దీన్ని మొక్కుబడిగా చేసి సంతకాలు పెట్టే పరిస్థితి వస్తుంది, అప్పుడిది మార్కులు పంచే మరో పేపరుగా మిగులుతుంది. ఆ షరతు లేకుండా ఈ కోర్సు పెట్టవద్దనే నేను అంటాను.

చివరగా డబ్బు. ప్రభుత్వ నిధుల మీద భరోసా పెట్టుకోలేం. అమెరికాలో 2011లో అంతర్జాతీయ భాషా అధ్యయనాల నిధులకు ఒక్క దెబ్బతో దాదాపు 40 శాతం కోత పడింది. ప్రవాసాంధ్రుల విరాళాలతో తెలుగు బోధన నిలబడిన చోట్లున్నాయి. ఎమరీ విశ్వవిద్యాలయంలో కొప్పాక విశ్వేశ్వరరావు, సీతల పేరిట తెలుగు ఆచార్య పీఠమే ఉంది. అంత పెద్ద మొత్తం ఇవ్వగలిగినవారు కొందరే. మహాసభలు జరుపుకునే తెలుగు సంఘాలు మాత్రం అంతకన్నా చాలా తక్కువ ఖర్చుతో ఒక పని చేయగలవు. తమకు దగ్గరలో తెలుగు ఉన్న విశ్వవిద్యాలయాన్ని ఎంచుకుని, మూడో ఏడాది విద్యార్థులకు విడిగా చెప్పే లెక్చరర్‌కు ఆ గంటలకు సెమిస్టర్ సెమిస్టర్‌కీ జీతం ఇవ్వండి. ఆ ఒప్పందం శాఖతో రాతపూర్వకంగా చేసుకోండి.